గౌస్ తిట్టిన షేరు

సోమవారం పొద్దున, చాయ్ గ్లాసు నోటి దాకా వచ్చేలోపే గౌస్ నెత్తిన గడువు పడింది.

"శుక్రవారం దాకా సూస్తా," అంది హజరా బీ. "ఆలోగా నువ్వు ఊ అంటే ఆ ఆయిల్ కంపెనీ షేర్లు కొంటా. ఊహూ అంటే డబ్బు రఫీక్‌కిస్తా. ఇంగ దీని మీద నన్ను అడగద్దు, నాకు తలనొప్పి."

డబ్బు హజరా బీది. ఆలూరు రోడ్డులో వాళ్ళ నాన్న ఆమె పేరున రాసిపోయిన స్థలం అమ్మగా వచ్చింది. ఆదోనిలో ఎవరిని అడిగినా బ్యాంకులో వేసి వడ్డీ తినమంటారు. హజరా బీ వడ్డీ ముట్టదు. వ్యాపారంలో పాలు తీసుకుంటాను, లాభమొస్తే తింటాను, నష్టమొస్తే పడతాను అంటుంది. ఏడాదికోసారి తన చేతికి తనదంటూ కొంత రావాలి, మొగుడినీ తమ్ముడినీ అడక్కుండా ఖర్చు పెట్టుకోవాలి. ఆమె కోరిక అంతే.

ఆ కోరికకు ఎమ్మిగనూరులో షేర్ల ఆఫీసు నడిపే ఎస్తేరు ఒక దారి చూపించింది. ఇద్దరూ ఆదోనిలో ఒకే బెంచీ మీద చదువుకున్నారు. సాగరధార పెట్రోలియం అని పెద్ద కంపెనీ. సముద్రంలో చమురు తవ్వేది వాళ్ళే, శుద్ధి చేసేది వాళ్ళే, గొట్టాల్లో పంపేది వాళ్ళే, చివరికి బంకులో బండికి కొట్టేదీ వాళ్ళే. ఏటా లాభంలో వాటా పంచుతుంది. డివిడెండ్ అంటారు. డబ్బు అప్పటికే ఎస్తేరు దగ్గర ఖాతాలో కట్టి ఉంది, కొనమనడమే మిగిలింది.

రెండో దారి హజరా బీ తమ్ముడు రఫీక్. అతను ఇదివరకు పెళ్ళిళ్ళలో డ్రోనుతో పూలు చల్లాడు. పూల బదులు డ్రోనే పెళ్ళికొడుకు నెత్తిన పడింది. అంతకుముందు ఒంటె సవారీ పెట్టాడు. ఒంటె గుంతకల్లు వైపు పోయింది, తిరిగి రాలేదు. ఇప్పుడు పాత పత్తి గోడౌనులో మంచు గది పెడతానంటున్నాడు.

"బెంగుళూరు నుంచి మిషను వస్తాది దుల్హాభాయ్," అన్నాడు రఫీక్, బావ పక్కన మంచం మీద చేరి. "లోపలంతా మంచు. టికెట్టు కొంటే స్వెటర్ ఇస్తాం. ఆదోని ఎండకు జనం గోడలు దూకి వస్తారు."

"కరెంటు పోతే?"

"పోతే ఈత కొలను. దానికి వేరే టికెట్టు."

గౌస్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. ఆ డబ్బు రఫీక్ చేతిలో పడితే ఏ గతి పడుతుందో అతనికి ఒంటెను తలుచుకుంటేనే తెలిసిపోయింది.

"నేను సూస్తాలే," అన్నాడు.

"సూసి ఉన్నదున్నట్టు సెప్పాల," అంది హజరా బీ. "సంతలో నువ్వు ఏమన్నా మాట్లాడుకో. ఇంట్లో బేరం మాటలు లేవు. పెండ్లయిన దినం నుంచి మనకుండే మాట."

గౌస్ ముప్పై ఏళ్ళుగా పశువుల సంతలో దలాలీ చేస్తున్నాడు. ఎద్దు విషయంలో అతని మాటకు ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి మూడు చోట్లా విలువ ఉంది. షేరును మాత్రం అతను ఇంతవరకు ఎదురుగా చూడలేదు.

మంగళవారం గౌస్ ఎమ్మిగనూరు బస్సెక్కాడు. వెంట ఉచ్చీరప్ప ఉన్నాడు. కోసిగి మనిషి, సంతలో గౌస్‌కు జోడీ. గౌస్ ఎద్దు పండ్లు చూస్తే ఉచ్చీరప్ప తోక ఎత్తి చూస్తాడు.

"దీన్ని ఎట్ల సూడాల గౌసన్నా?" అన్నాడు ఉచ్చీరప్ప. "దీనికి తోక లేదు గదా."

"ఏ సరుకైనా సూసే పద్ధతి ఒకటే. వయసెంత, తినేదెంత, లాగేదెంత. పా, అడుగుదాం."

సోమప్ప సర్కిల్ దగ్గర చీరల కొట్టు పైన మేడ మీద ఎస్తేరు ఆఫీసు. రెండు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, గోడకు ఏసు పటం. తెర మీద ఎర్ర అంకెలు, పచ్చ అంకెలు కదులుతున్నాయి. ఎస్తేరు కళ్ళజోడు పైకి నెట్టి ఇద్దరినీ కూర్చోబెట్టింది.

"అడగండన్నా. హజరా ముందే ఫోన్ చేసె. సంతలో అడిగినట్టే అడుగుతారని సెప్పె."

"ఎన్ని పండ్లేసింది?" అన్నాడు గౌస్.

"ముసిలిది కాదు, దూడ కాదు. పాతికేండ్ల పైనుంచి ప్రతి ఏడూ డివిడెండ్ ఇస్తానే ఉండాది."

"ఎగువ దోవలో లాగుతాదా? దిగువలో ఎవురైనా లాగుతారు."

ఎస్తేరు నవ్వింది. "కరోనా ఏడు బండ్లన్నీ ఇండ్లల్లోనే ఉండె. చమురు అడిగే దిక్కు లేదు. ఆ ఏడు డివిడెండ్ తగ్గించింది. ఆపలేదు. మరుసటేడు మళ్ళీ పెంచింది."

ఉచ్చీరప్ప ముందుకు వంగాడు. "ఒగ ఆవుంటాదమ్మా. మేత లేకపోయినా పాలిస్తాది. సంబరపడి కొంటాం. సూస్తే అది కండ కరిగిచ్చుకోని ఇస్తాంటాది. ఆర్నెల్లకు కూలబడతాది. ఇది అట్లాంటిదేమో?"

"నేను మొదట సూసింది అదేనన్నా. వచ్చిన లాభంలో సగం కంటే తక్కువే పంచుతాది. మిగిలింది బావులు తవ్వేదానికి, పాత మిషన్లు మార్చేదానికి పెట్టుకుంటాది. అప్పు చేసి డివిడెండ్ ఇచ్చే కంపెనీలు కూడా ఉండాయి. ఇది ఆ రకం కాదు. అప్పుంది గాని, దాని సంపాదనకు అది బరువు కాదు."

"చమురు ధర పడిపోతే?" అన్నాడు గౌస్.

"తవ్వే పక్క ఏడుస్తాది. శుద్ధి చేసే పక్క, బంకు పక్క కొంచెం తేరుకుంటాయి. అన్నీ ఒకే ఇంట్లో ఉండేదానికి లాభం అదే. అట్లని అసలు దెబ్బ తగలదని సెప్పను."

"ఇంగ ఏం సెప్పవు?"

"సెప్తా, ఇనుకో. దీంట్లో సర్కారుకు పెద్ద వాటా ఉండాది. సర్కారుకు డబ్బు కావాలంటే ఎక్కువ పంచమంటాది. ఓట్లు కావాలంటే బంకులో ధర పెంచద్దంటాది. రెండూ దీని నెత్తి మీదే. డివిడెండ్ ఎవురూ రాసిచ్చేది కాదు, ఏ ఏడుకా ఏడు కంపెనీ వాళ్ళు కూసోని తేల్చేది. ఇంగోటి. ధర పడినప్పుడు దాంతో పోలిస్తే డివిడెండ్ లావుగా కనపడతాది. అది సూసి మురిసిపోగూడదు, ధర యాల పడిందో సూడాల. ఉన్న డబ్బంతా దీంట్లోనే పెట్టమని నేను హజరాకు సెప్పలేదు, నీకూ సెప్పను."

లోపాలు ముందుగా చెప్పే అమ్మకందారును గౌస్ సంతలో చూడలేదు. సరుకు బాగుంది. చాలా బాగుంది.

అందుకే అతను ముఖం చిట్లించాడు.

"ఇది పనికొచ్చే సరుకు కాదమ్మా," అన్నాడు లేస్తూ.

ఉచ్చీరప్ప కళ్ళు మెరిశాయి. మెట్లు దిగాక గౌస్ చెయ్యి పట్టుకున్నాడు. "అంత బాగుండాదా అన్నా?"

"గమ్మునుండు. ఎవురన్నా ఇంటారు."

ఇది వాళ్ళ సంతలో అందరూ పాటించే కట్టుబాటు. కొనాలనుకున్న ఎద్దును ఎవరూ పొగడరు. గిట్టలు మెత్తనంటారు, మూపురం వాలిందంటారు, చూపు మందమంటారు. ఎంత నచ్చితే అంత తిడతారు. పొగిడేది అమ్మేవాడు మాత్రమే. గౌస్ తిట్లకు సంతలో ఒక లెక్క ఉంది. అతను ఒక ఎద్దును అరగంట తిట్టాడంటే చుట్టూ జనం మూగుతారు.

షేరు ధర ముంబయిలో కదులుతుందని, ఎమ్మిగనూరులో ఎవరేమన్నా దానికి వినపడదని ఎస్తేరు మెట్ల పైనుంచి కేకేసి చెప్పింది. గౌస్ తలూపాడు. మార్కెట్ యాడున్నా మార్కెట్టే అని మనసులో అనుకున్నాడు.

బుధవారం వాళ్ళు సరుకును నిలబెట్టి చూడాలనుకున్నారు. ఎమ్మిగనూరులో ఆదోని రోడ్డు మీద సాగరధార బంకు ఉంది. ఎదురుగా చాయ్ హోటల్లో కిటికీ పక్క బల్ల పట్టి నిఘా వేశారు. ఏ బండి వస్తోంది, ఎంత కొట్టించుకుంటోంది, ఎంత సేపు నిలబడుతోంది, ముఖం ఎలా పెట్టుకుని పోతోంది, ఒక్కటీ వదల్లేదు. మధ్యలో ఉచ్చీరప్ప రోడ్డు దాటి పోయి, బంకు నేల మీద కారిన మరకలను వేలితో తాకి వాసన చూసి వచ్చాడు.

"పేడ బాగుండాది," అన్నాడు.

"గుర్తు సూసినావా? బోర్డు మీద."

బోర్డు మీద నీలిరంగు అల ఒకటి చుట్టుకుని ఉంది. ఉచ్చీరప్ప దాన్ని తల ఒకవైపు వాల్చి చూశాడు, తర్వాత రెండో వైపు వాల్చి చూశాడు. ఎద్దుకు నుదుటి మీద సుడి ఉంటే ఇంటికి మంచిది, వెన్ను మీద తప్పు చోట ఉంటే కొన్నవాడికి చేటు.

"సుడి కుడికి తిరిగిందన్నా. నెత్తి మీదనే ఉండాది. కొనొచ్చు."

సరిగ్గా అప్పుడే బంకు మేనేజరు వాళ్ళను చూశాడు. పొద్దున్నుంచీ ఎదురు హోటల్లో ఇద్దరు మనుషులు. బండ్లను గమనిస్తున్నారు. ఒకడు వచ్చి నేల వాసన చూసి పోయాడు. చెప్పాపెట్టకుండా తనిఖీకి వచ్చిన పైఆఫీసు వాళ్ళు తప్ప లోకంలో ఇంకెవరూ ఆ పని చేయరు.

పది నిమిషాల్లో బంకు మారిపోయింది. పనివాళ్ళు టోపీలు పెట్టుకున్నారు. ఎప్పుడూ తాళం వేసి ఉండే మరుగుదొడ్డి తెరిచి కడిగారు. గాలి పట్టే గొట్టం దగ్గర మనిషి నిలబడ్డాడు. ఆ తర్వాత మేనేజరు స్వయంగా రోడ్డు దాటి రెండు కూల్‌డ్రింకులు తెచ్చి వాళ్ళ ముందు పెట్టాడు.

"సార్, లోపలికి రండి సార్. ఎండలో యాల కూసోనుండారు?"

"మేం ఊరికే సూస్తాండాం," అన్నాడు గౌస్.

"అదే సార్. మేం కూడా ఊరికే ఉండాం సార్. ఎప్పుడూ ఇట్లనే ఉంటాది సార్ మా బంకు."

అతను వెళ్ళాక ఉచ్చీరప్ప కూల్‌డ్రింకు చప్పరించాడు. "సంతకు తెచ్చే ముందర ఎద్దును కడిగి నూనె రాసినట్టుండాది."

"రాస్తే రాయనీ. లోపల కండ లేకపోతే నూనె నిగనిగలాడదు," అన్నాడు గౌస్. అతని మనసులో బేరం అయిపోయింది. ఇక ధర దించడమే మిగిలింది.

సాయంత్రం ఇంటికి చేరేసరికి రఫీక్ అక్కడే ఉన్నాడు. నేల మీద మంచు గది నక్షా పరిచి, మంచు మనిషిని ఏ మూల నిలబెట్టాలో అక్కకు చూపిస్తున్నాడు.

"ఏమైంది? సూసొస్తివా?" అంది హజరా బీ.

గౌస్ నోరు తెరిచాడు. రఫీక్ చెవులు రిక్కించాడు. రఫీక్ చెవిలో పడిన మాట రాత్రి ఇషా నమాజుకు ముందే ఆదోని అంతా తిరుగుతుంది. గౌస్‌కు ఆ షేరు నచ్చిందని తెలిస్తే పత్తి మార్కెట్టులో ప్రతివాడూ ఎగబడతాడు, ధర ఆకాశానికి పోతుంది. గౌస్ అప్పుడు చేయవలసింది ఒకటే అనిపించింది. చేశాడు.

"అదొక షేరా?" అన్నాడు. "ముసలిది. సర్కారు ముక్కుతాడు పట్టుకోని ఎటు లాగితే అటు పోతాది. రేపు అన్నీ కరెంటు ఆటోలైతే దాన్ని కట్టేసే దిక్కుండదు. బంకు సూసినా. ఈగలు తోలుకుంటాండారు. ఊరికే ఇచ్చినా నేను తోలుకోని రాను."

రఫీక్ ముఖం వికసించింది. హజరా బీ భర్త వైపు ఒకసారి చూసి, నక్షా మీదికి వంగింది.

ఆమెకు అర్థమైందనే గౌస్ అనుకున్నాడు. ముప్పై ఏళ్ళ కాపురం. తన తిట్టు విలువ ఆమెకు తెలియకుండా ఉంటుందా?

ఇంట్లో బేరం మాటలు లేవన్న సంగతి అతనికి గుర్తు రాలేదు.

గురువారం సాగరధార ధర పడింది.

ఎక్కడో దేశాల మధ్య ఏదో ఒప్పందం కుదిరింది, చమురు ధర జారింది. అసలు సంగతి అది. ఉచ్చీరప్ప ఫోనులో ఎర్ర అంకె చూసి గౌస్‌కు చూపించాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"రాత్రి ఇంట్లో ఒగ నాలుగు మాటలంటిని," అన్నాడు గౌస్ మెల్లగా. "అంతే."

"నాలుగు మాటలకే ఇంత పడిందా అన్నా?"

ఇక గౌస్‌ను ఆపడం ఎవరి తరమూ కాలేదు. పత్తి మార్కెట్ యార్డు గేటు దగ్గర తిట్టాడు. బస్టాండులో తిట్టాడు. ఎద్దుల బేరానికి గోనెగండ్ల వెళ్ళే బస్సులో, పక్క సీట్లో కూర్చున్న దేవమ్మ అనే ముసలమ్మకు సాగరధార పెట్రోలియం ఎందుకు కొనకూడదో ఊరు వచ్చేదాకా వివరించాడు. ఆమె తాను జీవితంలో దాన్ని కొనబోనని మాటిచ్చింది. మధ్యాహ్నానికి ధర ఇంకొంచెం జారింది.

"కొందామా?" అన్నాడు ఉచ్చీరప్ప. అతని చేతి సంచిలో కొంచెం సొంత డబ్బు కూడా ఉంది. ఆ సంగతి అతను గౌస్‌కు చెప్పలేదు.

"రేపు మధ్యాహ్నం దాకా ఆగు. ఇంగొంచెం తిట్టనీ."

ఆ రాత్రి ఇద్దరూ గోనెగండ్లలోనే ఆగిపోయారు. శుక్రవారం గౌస్ జుమ్మా నమాజు అక్కడే చదివి బయటికి వచ్చేసరికి ఫోను మోగింది. రఫీక్.

"దుల్హాభాయ్, మీ స్వెటర్ సైజెంత?"

"ఏంది?"

"ఆపా ఒప్పుకున్నాది. నువ్వే గదా వద్దంటివి. ఎస్తేరక్క దగ్గర కట్టిన డబ్బు వెనక్కి తీసుకుంటాం. ఎమ్మిగనూరికొస్తిమి. బెంగుళూరోళ్ళకు ఈ పొద్దే అడ్వాన్సు పంపాల."

"ఫోను మీ అక్కకియ్యి."

"మంచు మిషనోళ్ళు లైన్లో ఉండారు దుల్హాభాయ్. మీడియం అని రాసుకుంటాలే."

ఫోను ఆగిపోయింది. గౌస్ భార్యకు చేశాడు. ఆమె ఫోను ఆదోని ఇంట్లో చార్జింగుకు పెట్టి ఉంది. ఎస్తేరుకు చేశాడు. మార్కెట్ మూసే వేళ దగ్గర పడుతోంది, ఆమె ఫోను ఖాళీ లేదు.

"బండి తియ్యి," అన్నాడు గౌస్.

ఉచ్చీరప్ప తెలిసినవాళ్ళ మోటారు సైకిలు అడిగి తెచ్చాడు. ఇద్దరూ దాని మీద వంగి పడి, గొర్రెల మందను చీల్చుకుని, మిరప బస్తాల ట్రాక్టరును దాటి, ముందు పోతున్న బస్సు పొగ మింగుతూ దూసుకుపోయారు. ఎమ్మిగనూరు కనుచూపులోకి వచ్చింది. బండి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఆగిపోయింది.

"పెట్రోలు," అన్నాడు ఉచ్చీరప్ప.

నెట్టుకుంటూ ఊళ్ళోకి వచ్చారు. మొదట తగిలిన బంకు సాగరధారదే. ఆదోని రోడ్డు బంకు మేనేజరే ఈ బంకునూ చూసుకుంటున్నాడు. పైగా పోలికలు చెప్పి పనివాళ్ళందరినీ హెచ్చరించి ఉంచాడు. చెమటలు కారుతూ, ఖాళీ బండి నెట్టుకుంటూ, మారువేషంలో వస్తున్న తనిఖీ అధికారులను చూసి అతను పరుగున ఎదురు వచ్చాడు.

"రండి సార్, ముందు నీళ్ళు తాగండి. ఈ ఇసుక బకెట్లు సూడండి సార్. నాలుగూ నిండుగా ఉండాయి."

"ఒగ లీటరు కొట్టప్పా."

"కొడతాం సార్. ముందు కొలత పాత్రలో పోసి సూపిస్తాం. పద్ధతి పద్ధతే గదా సార్."

కొలత చూపించాడు. సాంద్రత చూపించాడు. మంటలార్పే సిలిండరు పిన్ను లాగి చూపించబోతే ఉచ్చీరప్ప చేతులు పట్టుకుని ఆపాడు. ఫిర్యాదుల పుస్తకంలో మంచి మాట ఒకటి రాసిపొమ్మని కలం ఇచ్చాడు. గౌస్ ఆ పుస్తకంలో ఏం రాశాడో అతనికే తెలియదు.

మేడ మెట్లు రెండేసి ఎక్కి ఎస్తేరు ఆఫీసులో పడేసరికి మార్కెట్ మూయడానికి పావుగంట ఉంది. హజరా బీ బల్లకు ఇవతల కూర్చుని ఉంది. రఫీక్ కిటికీ దగ్గర ఫోనులో మంచు మందం గురించి మాట్లాడుతున్నాడు. ఎస్తేరు డబ్బు వెనక్కి పంపే పేజీ తెరిచి పెట్టింది.

"ఆగు," అన్నాడు గౌస్. "కొను. ఆ షేరు కొను హజరా."

"ఇంట్లో వద్దంటివే?"

ముప్పై ఏళ్ళలో ఎన్నడూ చేయని పని ఇప్పుడు గౌస్ చేయాలి. కొనదలిచిన సరుకును, అమ్మకందారు ఎదురుగా, గొంతెత్తి పొగడాలి.

"అది... మంచి షేరు," అన్నాడు. తర్వాత మాటలు కట్ట తెగి వచ్చాయి. "ఇంత మంచి షేరు నేను పుట్టినాక సూళ్ళేదు. నడక సూడు, ఒళ్ళు సూడు. సుడి నెత్తి మీదనే ఉండాది. కరోనాలో గూడా కాడి దించలేదు. బంకులో బకెట్ల నిండా ఇసుక. ఇది మన ఇంటికొస్తే మన అదృష్టం."

హజరా బీ కుర్చీలో వెనక్కి వాలింది. "యాల ఇంతగనం పొగుడుతాండావు?"

"నిజం సెప్తాండా."

"నువ్వు బయట దేన్నైనా పొగిడితే దాని కాలు కుంటిదని నాకు తెల్దా? మాధవరం రెడ్డికి ఆ గుడ్డి ఎద్దును అంటగట్టిన దినం గూడా ఇట్లనే అంటివి. మీ ఇంటికొస్తే మీ అదృష్టం అంటివి."

"నాకూ అదే అనుమానమొచ్చెనమ్మా," అన్నాడు ఉచ్చీరప్ప. చేతి సంచి చంకలోకి గట్టిగా నొక్కుకున్నాడు. "ఏందన్నా, బాగలేదా అది? నాకన్నా సెప్పుంటే బాగుండు."

"బాగుండాది అంటాండా గదప్పా. అందుకే తిట్టినా."

"ఇంట్లో తిట్టినావు," అంది హజరా బీ. "ఇంట్లో నిజం సెప్పాల, బయట అబద్ధం సెప్పాల. అది కదా మన మాట. ఇంట్లో సెప్పింది నిజమైతే ఇది అబద్ధం."

"రఫీక్ ఉండె గదా ఇంట్లో. వాడుంటే ఇల్లయినా సంతే."

"ఇప్పుడు నన్నంటాండావా దుల్హాభాయ్?" అన్నాడు రఫీక్ ఫోను చేత్తో మూసి.

"అయితే సెత్త షేరు," అన్నాడు గౌస్ ఆఖరి ప్రయత్నంగా. "పనికిమాలింది."

"ఇన్నావా ఆపా? ఇప్పుడు నిజం బయటపడింది."

ఎస్తేరు గడియారం చూసింది. "అన్నా, మీరు మీరు తేల్చుకోండి. ధర పడింది నీ నోటికి కాదు, లేచినా నీ నోటికి లేవదు. పది నిమిషాలుండాది."

గౌస్ నోరు ఇక పనికిరాదు. అది ఏమన్నా ఎదుటివాళ్ళు తిరగేసి వింటున్నారు. అతను భుజం మీది తువ్వాలు తీశాడు. విప్పి తన కుడిచేతి మీద కప్పుకున్నాడు. ఆ చేతిని భార్య ముందుకు చాచాడు.

సంతలో చివరి మాట నోటితో నడవదు. చుట్టూ వందమంది వింటుంటారు కాబట్టి ఇద్దరూ తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. నోరు ఎన్ని అబద్ధాలైనా ఆడొచ్చు, అది వ్యాపారం. చెయ్యి అబద్ధం ఆడకూడదు. ఒక్కసారి ఆడినవాడికి మళ్ళీ ఎవరూ చెయ్యి ఇవ్వరు. గౌస్ చెయ్యి ఇంతవరకు అబద్ధం ఆడలేదు. దాన్ని పట్టుకుని హజరా బీ మాత్రం ఎన్నడూ బేరమాడలేదు.

ఆమె తువ్వాలు వైపు చూసింది. భర్త ముఖం వైపు చూసింది. గాజులు పైకి నెట్టుకుని చెయ్యి లోపల పెట్టింది.

ఐదు వేళ్ళంటే ఉన్న డబ్బంతా. గౌస్ మూడు వేళ్ళు ఇచ్చాడు.

హజరా బీ కనుబొమలు కదిలాయి. చెడ్డ సరుకు అంటగట్టాలనుకున్నవాడు చెయ్యి మొత్తం ఇస్తాడు. ఇతను రెండు వేళ్ళు వెనక్కి దాచాడు. సరుకు మీద ఎంత నమ్మకముందో, ఎంత భయముందో రెండూ ఆ చేతిలో ఉన్నాయి.

ఆమె ఒక వేలు మడిచేసింది.

గౌస్ దాన్ని మళ్ళీ నిలబెట్టాడు.

ఆమె గిల్లింది. గౌస్ "అబ్బా" అన్నాడు. ఉచ్చీరప్ప మెడ సాచాడు. తువ్వాలు అటూ ఇటూ కదిలింది, ఒకసారి పైకి లేచింది, సర్దుకుంది. కాసేపటికి ఇద్దరి చేతులూ కదలడం మానేశాయి. హజరా బీ తలూపింది.

"కుదిరింది," అన్నాడు గౌస్. "ఎస్తేరమ్మా, కొట్టు."

"ఎన్ని షేర్లు?"

మొగుడూ పెళ్ళామూ రఫీక్ వైపు చూశారు.

"ఎన్నన్నా? ఎనిమిది నిమిషాలుండాది."

"పైకి సెప్పగూడదమ్మా," అన్నాడు గౌస్. "చేతి బేరం. రఫీక్ ఉండాడు, ఉచ్చీరప్ప ఉండాడు."

"కంప్యూటరుకైనా సెప్పాల గదా."

"నీ సెయ్యి పెట్టు," అంది హజరా బీ.

ఎస్తేరు పాతికేళ్ళుగా షేర్లు అమ్ముతోంది. ఫోనులో అమ్మింది, తెర మీద అమ్మింది, ఒకసారి తల్లి ఆసుపత్రి మంచం పక్కనుంచీ అమ్మింది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, ఎడమ చెయ్యి తువ్వాలు కిందికి తోసింది. అక్కడ మూడు చేతులు కలిశాయి. ఆమె కళ్ళు మూసుకుని లెక్క కట్టింది. తెరను గోడ వైపు తిప్పి, కుడిచేతి ఒక్క వేలితో అంకెలు కొట్టింది. రఫీక్ గోడకు, తెరకు మధ్య తల దూర్చబోతే ఉచ్చీరప్ప అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. ఆ పట్టు వదలకుండానే తాను వంగి చూడబోయాడు. ఎస్తేరు తెరకు చీర కొంగు అడ్డం పెట్టింది.

"అయిపోయింది," అంది.

గౌస్ కుర్చీలో కూలబడ్డాడు. ఉచ్చీరప్ప చేతి సంచి బల్ల మీద పెట్టి, తనకూ కొన్ని కావాలని మెల్లగా అన్నాడు. గౌస్ అతని వైపు చూసిన చూపుకు ఫ్యాను గాలి కూడా వేడెక్కింది.

రఫీక్ అక్క దగ్గరకు వచ్చాడు. ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది, అవతల బెంగుళూరు ఎదురుచూస్తోంది. "మిగిలింది నాకేనా ఆపా? ఎంత?"

హజరా బీ ఒక క్షణం ఆలోచించి, తువ్వాలు తన చేతి మీద కప్పుకుంది.

"సెయ్యి పెట్టు."

రఫీక్ ఆత్రంగా పెట్టాడు. లోపల తడిమాడు. ఇంకా ఏమైనా ఉందేమోనని అటు పక్కా తడిమాడు. ముఖం ఒక రంగు నుంచి ఇంకో రంగుకు మారి, మెల్లగా మనిషి రంగుకు వచ్చింది.

"ఎంత రఫీకూ?" అన్నాడు ఉచ్చీరప్ప.

"సెప్పగూడదంట," అన్నాడు రఫీక్. అతను ఒక సంగతి ఎవరికీ చెప్పకుండా ఆపుకోవడం అదే మొదటిసారి. ఫోను చెవికి ఆనించుకుని కిటికీ వైపు తిరిగాడు.

"సార్, గదంతా వద్దులే. మీ దగ్గర చిన్న మిషను ఏమన్నా ఉండాదా? ఐస్ గోలా బండి మీద పట్టేంతది."